అత్త కొట్టిన చెంపదెబ్బ

మా అత్త చచ్చిపోయింది. ఈ మాట ఇలాగే రాయాలని పట్టుబట్టాను. సమాధి అయ్యాక చర్చివాళ్లతో జరిపే ఆదరణ కూటానికి కార్డులు వేయించడానికి అవనిగడ్డ వెళ్తే, ప్రెస్సులో ఉన్నాయన అలవాటు కొద్దీ "ప్రభువునందు నిద్రించిరి" అని కొట్టేశాడు. తీసెయ్యమన్నాను.

"అందరికీ అదే వేస్తామమ్మా. మర్యాద."

ఏం మర్యాదండీ? నిద్రపోయే మనిషి రెండు చేతులతో తల పట్టుకుని, గట్టు మీద పడ్డ చేపలా ఎగిరెగిరి పడుతుందా? పక్కనున్న దాని మణికట్టులో గోళ్లు దిగబడేలా పట్టుకుని అరుస్తుందా? ఆ మణికట్టు నాది. గాట్లు మానాయి గానీ మచ్చలు పోలేదు. మా అత్త నిద్రించలేదు. ఆమె తలకాయలో ఒక రక్తనాళం పగిలింది. పగలబోతున్నానని అది ముందే చెప్పింది. ఒక రకంగా కాదు, రకరకాలుగా చెప్పింది. వినాల్సిన మేమే నవ్వాం, వేళాకోళమాడాం, ఈల కూడా వేశాం.

అత్తంటే మా నాన్నకి సొంత అక్క. కోడూరు దగ్గర రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే ఆడవాళ్ల బ్యాచికి పెద్ద. చెరువుల్లో పట్టిన రొయ్య లారీల్లో మా దగ్గరికొస్తుంది. మేం తల తీసి, క్లోరిన్ నీళ్లలో కడిగి, సైజులవారీగా ఏరి, ఐసు వేసి పంపుతాం. తెల్లారకముందే మా నాన్న ఆటో తీస్తాడు. చర్చి మలుపులో అందర్నీ ఎక్కించుకుని షెడ్డు గేటు దగ్గర దించుతాడు. పదో తరగతి అయ్యాక నేను కూడా ఆ ఆటోలోనే ఎక్కి, అత్త పక్కన నిలబడి పని మొదలుపెట్టాను. బొటనవేలి గోరు ఎక్కడ నొక్కాలో, తలతో పాటు పేగు తెగకుండా ఎలా ఊడిరావాలో అత్తే నేర్పింది. నేర్పడమంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని కాదు. తప్పు తీస్తే చేతిమీద ఒక్కటిచ్చేది. "గోరు నీదే, రొయ్య కంపెనీది. ఏది విరిగితే నష్టమో తెలుసుకో" అనేది.

కూటంలో పెద్దలందరూ లేచి ఆమె సాత్వికురాలని చెప్పారు. సాత్వికురాలా! ఒకసారి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు, పని చూపించే వంకతో ఒక చిన్నపిల్ల వీపు మీద చెయ్యి వేసి తియ్యలేదు. అత్త ఐసు నిండిన క్రేటు ఎత్తి, తిన్నగా వచ్చి, వాడి పాదం మీద వదిలేసింది. వాడు కుయ్యోమని కింద కూలబడ్డాడు.

"అయ్యో, జారిపోయింది బాబూ. తడి చేతులు కదా" అంది.

"కావాలనే వేశావు!"

"లేదు బాబూ, జారింది. ఇంకోసారి జారితే ఎక్కడ పడుతుందో నాక్కూడా తెలీదు."

వాడు చాలారోజులు కుంటుతూ నడిచాడు. కుంటినన్నాళ్లూ చేతులు జేబుల్లోనే పెట్టుకుని తిరిగాడు. అదీ మా అత్త. "కోపం కడుపులో పెట్టుకోకండే, పులిసిపోద్ది. వచ్చినప్పుడే వాడెయ్యండి" అని మాకు చెప్పేది. నేనిప్పుడు రాస్తున్నది ఆమె చెప్పినట్టు వాడేస్తున్న కోపమే. చదివేవాళ్లకి మొరటుగా ఉంటే ఉండనీండి.

ఆమెకి బీపీ ఉంది. బిళ్లలు కూడా ఉన్నాయి, జాకెట్టులో చిన్న పర్సులో. కానీ రోజూ వేసుకునేది కాదు. తల బరువెక్కినప్పుడు ఒకటి వేసుకునేది, దిగిపోతే మానేసేది. బీపీ బిళ్లంటే తలనొప్పి బిళ్లే అనుకునేది. మా షెడ్డులో అందరూ అలాగే అనుకుంటారు. భోజనాలయ్యాక షెడ్డు వెనక్కి వెళ్లి చుట్ట ముట్టించేది. మా నాన్న కూడా అంతే. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే అగ్గిపుల్లతో రెండు చుట్టలు వెలిగించుకునేవాళ్లు. పిల్లలప్పటి నుంచి వాళ్లకి అదొక ముచ్చట.

ఇప్పుడు మా షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే అత్త ఎలా చచ్చిపోయిందో మీకు అర్థం కాదు. క్లోరిన్ వాసన మధ్య పొద్దస్తమానం నిలబడితే ఎవరికైనా తల నొప్పెడుతుంది. మాకు రోజూ ఎవరో ఒకరికి నొప్పే. దానికో వైద్యం ఉంది. గుప్పెడు ఐసు ముక్కలు తువ్వాల్లో మూటగట్టి తలకి బిగించి కట్టడం. దాన్ని ఐసు కట్టు అంటాం. కట్టేది మా అత్తే. మోకాలు వీపుకి అడ్డం పెట్టి, రెండు కొసలూ లాగి, ముడి పడేసరికి కళ్లలో నీళ్లు తెప్పించేది. "ఇంక పో, పన్లోకి" అని వీపు మీద చరిచేది. నొప్పి తగ్గేదో, మొద్దుబారేదో, కట్టు కట్టాక ఎవరూ మళ్లీ నొప్పి మాట ఎత్తకూడదు. ఎత్తితే దొంగ వేషాలని పేరు. క్లోరిన్‌కి తలనొప్పి, తలనొప్పికి ఐసు కట్టు. ఇంతే మాకు తెలిసిన శాస్త్రం. ఇంకో రకం తలనొప్పి ఈ లోకంలో ఉంటుందని మాలో ఒక్కదానికీ తెలీదు.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు. పెద్ద సైజు సరుకు దిగింది. నేను అత్త వెనకాల ఐసు క్రేటు కింద పెడుతున్నాను. అత్త ఉన్నట్టుండి "అమ్మో" అని, వెనక్కి తిరిగి, నా చెంప పగలగొట్టింది. రొయ్య పొట్టంటిన తడి చెయ్యి. చెవిలో గుయ్యిమంది.

"ఎందుకే నన్ను కొట్టావు?" అని అరిచింది.

"నేనెక్కడ కొట్టానత్తా? కొట్టింది నువ్వే కదా!"

"క్రేటుతో తల వెనక బాదావు. అబద్ధాలాడితే ఇంకోటిస్తాను."

"క్రేటు కిందుంది, చూడు! నా చేతుల్లో ఏముందో చూడు!"

అందరూ పని ఆపి నవ్వారు. మా వరసలో నిలబడే గుంటూరు పిన్ని, కృష్ణకి అవతలి ఒడ్డు నుంచి కాపురానికి వచ్చింది కాబట్టి ఆ పేరు, "మేనకోడలివి గనక చెంపతో పోయింది. మేమైతే పళ్లేరుకునేవాళ్లం" అంది. అత్త నవ్వలేదు. తల వెనక తడుముకుని, చెయ్యి ముందుకు తెచ్చి చూసుకుంది. రక్తం కోసం చూసింది. చేతికి రొయ్యల నీళ్లు తప్ప ఏం లేదు. మళ్లీ తడుముకుని మళ్లీ చూసుకుంది. "మరెవత్తె కొట్టింది నన్ను?" అంది. తర్వాత తూము దగ్గరకెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"క్లోరిన్ పడలేదమ్మా ఇవాళ" అన్నారెవరో. ఐసు మూటగట్టి తలకి చుట్టారు. తనకి తనే కొసలు లాగి ముడేసుకుంది.

సాయంత్రం కోడూరు సెంటర్లో నాకు పునుగులు కొనిచ్చింది. "తినవే, చెయ్యి జారింది" అంది. "నిజంగా కొట్టినట్టే ఉందే. సుత్తితో. వెనక ఎవరూ లేకుండా దెబ్బెలా తగులుతుందే?" అని అడిగింది. నేను పునుగులు తింటున్నాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ పునుగుల బండి చుట్టూ ఎవరూ లేరు.

మర్నాడు చర్చిలో అందరం మోకరించి తలలు వంచాం. అత్త వంచలేకపోయింది. గడ్డం గుండెకి ఆనదు, మెడ కర్రలా బిగిసింది. వాకిలి వైపు నుంచి వచ్చే వెలుతురు చూడలేక కొంగు కళ్ల మీదకి లాక్కుంది. మా ఊరి ఆర్‌ఎంపీ చూసి, తలగడ సరిగ్గా లేక మెడ పట్టేసిందని ఒక సూది వేశాడు. సోమవారం షెడ్డులో సూపర్‌వైజరు, ఆ పాదం చితికినవాడే, దూరం నుంచి అరిచాడు.

"ఏమ్మా, మహారాణిలా నిలబడ్డావు? మెడ వంచి పని చెయ్యి!"

"వంగదు" అంది అత్త. "నీకోసమైతే అసలు వంగదు."

మేమంతా ఈలలు వేశాం. నేను అందరికంటే గట్టిగా వేశాను. అంత గర్వంగా ఉంది మాకు. ఆ మెడ నిజంగానే వంగడం లేదు. లోపల కారిన రక్తం దాన్ని బిగించేసింది. మేం దాన్ని పొగరనుకున్నాం, ఆ పొగరు మాదే అనుకుని మురిసిపోయాం.

తర్వాత కన్ను. ఎడమకంటి రెప్ప సగానికి వాలిపోయింది. ఎత్తబోతే లేవదు. ఇంక వేళాకోళాలకి అంతు లేదు.

"ఎవరికి కొడుతున్నావు పిన్నీ కన్ను?" అని అత్తని అడిగిందొక పిల్ల.

"సమాధిలో ఉన్నాడే మీ బాబాయి, ఆయనకి. రమ్మంటున్నాడు" అంది అత్త. తనే ముందు నవ్వింది. "ఒక్కో రొయ్యా రెండుగా కనపడుతోందే" అని కూడా అంది. "అయితే ఇవాళ నీ పని డబులు" అన్నారు.

ఒకామె దిష్టన్నది. ఇంకొకామె ఒత్తిడన్నది. చర్చి పెద్దమ్మ ఒకావిడ నూనె రాసి ప్రార్థన చేసింది. ప్రార్థన చెయ్యొద్దని నేననను. నేనూ చేస్తాను. కానీ ఆటోలో కూర్చుని కూడా ప్రార్థన చెయ్యొచ్చండీ. బందరు ఆస్పత్రికి వెళ్లే ఆటోలో.

ఈస్టర్ అయిన వారంలోనే అయిపోయింది. పొద్దున్నే, పని మొదలైన కాసేపటికే, అత్త కేక పెట్టింది. ఆ కేక మనిషిది కాదు. చేతిలో ఉన్న ట్రే ఎగిరిపడింది, రొయ్యలన్నీ నేలమీద చెల్లాచెదురు. "నా తల, నా తల" అంటూ నా మణికట్టు పట్టుకుంది. కక్కింది. మోకాళ్లు వంగిపోయి తడి నేలమీద పడింది. ఇద్దరు ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఏం తెచ్చారనుకున్నారు? ఐసు, తువ్వాలు.

నేను ఆ తువ్వాలు లాక్కుని విసిరేశాను. నాకేదో తెలిసి కాదు. అత్త కళ్లు చూసి భయమేసి. ఎడమ కంట్లో నల్లగుడ్డు ఇంత పెద్దదైపోయి ఉంది, రెండోది మామూలుగా ఉంది. కంపెనీ జీపు గేటు లోపలే ఉంది. తాళం ఇమ్మని సూపర్‌వైజరు గది దగ్గరికి పరిగెత్తాను.

"ఐసు కట్టండి, తగ్గుద్ది. లోడు బయల్దేరనీ, తర్వాత చూద్దాం" అన్నాడు.

పక్కనున్న ఖాళీ క్రేటు తీసి అతని గది అద్దం మీద విసిరాను. అద్దం మొత్తం రాలిపోయింది. ఇంకో క్రేటు తీశాను, ఈసారి అద్దం కోసం కాదు. గుంటూరు పిన్ని వెనక నుంచి నా నడుం పట్టుకుని ఆపకపోతే ఇవాళ నేను స్టేషన్లో కూర్చుని రాస్తుండేదాన్ని. అతను తాళం పట్టుకుని వెనక గుమ్మంలోంచి పారిపోయాడు. మా నాన్నకి ఫోను చేశాం. వచ్చాడు. అత్తని వెనక సీట్లో నా ఒళ్లో పడుకోబెట్టాం.

బందరు రోడ్డెక్కాల్సినవాడు ఊళ్లోకి తిప్పాడు ఆటో. ఆర్‌ఎంపీ ఇంటి ముందు ఆపాడు.

"నాన్నా, ఇక్కడెందుకు? పోనీ!"

"ఒక్క సూది వేయించుకుని పోదామే. బీపీ దిగుద్ది."

"నీకు దణ్ణం పెడతాను, పోనీ!"

ఆయన వినలేదు. నేను ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుని గుంజితే చిరిగిపోయింది. చిరిగిన చొక్కాతోనే లోపలికెళ్లాడు. సూది అయ్యింది. చల్లపల్లి దాటుతుండగా అత్తకి ఫిట్సు వచ్చాయి. ఆటో ఆపితే రోడ్డు మీద జనం మూగారు. ఒకాయన తన తాళాల గుత్తి తీసి ఆమె గుప్పిట్లో పెట్టి మూశాడు. ఇనుము పట్టిస్తే తగ్గుతుందట. మంచి మనసుతోనే చేశాడు. మేం చేసిందంతా మంచి మనసుతోనే చేశాం. దానికే నాకు మండుతోంది.

బందరు ఆస్పత్రిలో స్కాన్ తీశారు. అత్త వెంటిలేటర్ మీద ఒక రాత్రి ఉంది. మర్నాడు మధ్యాహ్నం పోయింది. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు నాకంటే నాలుగేళ్లు పెద్ద ఉంటుందేమో, అంతే. ఆమె మీద కూడా అరిచాను. ఆమె తిరిగి అరవలేదు. బెంచీ మీద నా పక్కన కూర్చుని చెప్పింది.

"మెదడులో రక్తనాళం గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది. దాన్ని యాన్యురిజం అంటారు. ఉన్నవాళ్లందరికీ పగలదు. చాలామంది అది ఉన్నట్టు కూడా తెలియకుండానే బతికేస్తారు. పగిలితే మాత్రం ఇలా ఉంటుంది."

నాకు వెంటనే చెరువు గట్టు మీద పరిచే నీళ్ల పైపు గుర్తొచ్చింది. పాత పైపు ఒకచోట పొట్టలా ఉబ్బుతుంది. ఉబ్బు కనపడగానే ఎవడైనా మోటారు ఆపమని కేకేస్తాడు. పైపుకి కేకేస్తాం మేం.

"ముందు ఏమైనా కనపడిందా? హఠాత్తుగా పెద్ద తలనొప్పి?" అని అడిగింది డాక్టరమ్మ.

చెంపదెబ్బ సంగతి చెప్పాను. మెడ సంగతి, కన్ను సంగతి, రెండు రొయ్యల సంగతి. ఆమె రాసుకోవడం ఆపేసింది.

"మెల్లగా మొదలై పెరిగే తలనొప్పి వేరమ్మా. ఒక్క క్షణంలో, పుట్టి బుద్ధెరిగాక రానంత, ఎవరో కొట్టినట్టు వస్తే అది వేరు. ఆ రోజే కొంచెం రక్తం కారి ఉంటుంది. మెడ బిగియడం అందుకే. తర్వాత ఉబ్బు వెళ్లి కంటి నరాన్ని నొక్కింది. ఆ రోజుల్లో ఎప్పుడొచ్చినా మేం ఏదో ఒకటి ప్రయత్నించేవాళ్లం." తర్వాత మా నాన్న వైపు తిరిగి, "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా ఇలా పడిపోయారా?" అంది.

"మా అమ్మండి" అన్నాడు. "నాట్లేస్తూ తల పట్టుకుని కేకేసి మళ్లో పడి ప్రాణం వదిలింది. వడదెబ్బన్నారు."

"వానాకాలం నాట్లా?"

"అవునండి."

వానలో వడదెబ్బ! ఇన్నేళ్లూ మా ఇంట్లో ఒక్కళ్లకి కూడా ఆ అనుమానం రాలేదు.

"మీ అమ్మా, మీ అక్కా. ఇద్దరయ్యారు" అంది డాక్టరమ్మ. "బీపీ ఉంటే, చుట్ట కాలిస్తే ఇంకా ప్రమాదం. మీరు తలకి రక్తనాళాల స్కాన్ చేయించుకోవాలి. ఈమె పిల్లలు కూడా." మా నాన్న జేబులోంచి చుట్ట కొస బయటికి కనపడుతోంది. ఆయన దాన్ని లోపలికి తోసుకున్నాడు.

అత్తకి ఒక్కతే కూతురు, మా వదిన. గుడివాడలో బట్టల కొట్టులో పని చేస్తుంది. సమాధి అయిన వారానికే వెళ్లి స్కాన్ తీయించుకుంది. ఏమీ లేదన్నారు. బీపీ మాత్రం చూపించుకుంటూ ఉండమన్నారు. ఇంక మిగిలింది మా నాన్న. తెల్లారి లేస్తే ఆటో నిండా ఆడవాళ్లని ఎక్కించుకుని, పక్కన కాలవ ఉన్న రోడ్డు మీద తోలే మా నాన్న.

"నేను రాను" అన్నాడు. "వెతికితే ఏదో ఒకటి దొరుకుద్ది. దొరికాక నిద్ర పట్టదు. తెలీకుండా ఉంటే హాయి."

"అత్త హాయిగా పోయిందా?"

"నోరు ముయ్యి."

ముయ్యలేదు. ఆదరణ కూటంలో పాస్టరుగారు వాక్యం చెప్పాక, కుటుంబం తరఫున ఎవరైనా మాట్లాడమన్నారు. లేచి మైకు పట్టుకున్నాను. చెంపదెబ్బ దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. మా నాయనమ్మది వడదెబ్బ కాదని చెప్పాను. మా నాన్న తలలో కూడా ఉండొచ్చని, చూపించుకోనంటున్నాడని చెప్పాను. అంతవరకే చెప్పగలిగాను. ఆయన ముందు వరసలోంచి లేచొచ్చి మైకు లాగి పడేశాడు. అది కీచుమని అరిచింది. నా జబ్బ పట్టుకుని టెంటు బయటికి ఈడ్చుకెళ్లాడు.

"ఇంట్లో రోగం ఊరందరి ముందూ పెడతావా? రేపు నిన్నెవడు చేసుకుంటాడే?"

"తల పగిలి చచ్చినోడి కూతుర్ని ఎవడు చేసుకుంటాడో, వాడే చేసుకుంటాడు!"

ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి నేలకేసి కొట్టాడు. కాళ్లు విరిగి ఎగిరిపడ్డాయి. నేను ఇంకో కుర్చీ తీసి కొట్టాను, మళ్లీ ఎత్తాను. వదిన మా మధ్యకొచ్చి నిలబడింది. "మావయ్యా, ఇంకా కుర్చీలున్నాయి, కొట్టు. మా అమ్మ కోపం కూడా ఇంతే ఉండేది, రెప్ప మాత్రం లేవలేదు" అంది. అప్పుడు ఆయన మెడలో నరాలు ఉబ్బి కొట్టుకుంటుంటే చూశాను. నా చేతిలో కుర్చీ దానంతటదే దిగిపోయింది. ఆ మనిషితో పోట్లాడటానికి కూడా భయమేసింది. ఇంక అరవలేదు. అరవకపోవడమంత కష్టమైన పని నా జీవితంలో ఇంకోటి లేదు.

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే ఆటో తీశాడు. చర్చి మలుపులో ఆడవాళ్లందరూ టిఫిన్ క్యారేజీలతో నిలబడి ఉన్నారు. ఆటో ఆగింది. ఒక్కళ్లూ ఎక్కలేదు.

"ఎక్కండమ్మా, టైమవుతోంది."

గుంటూరు పిన్ని ముందుకొచ్చింది. "ఎక్కం అన్నా. నీ తలకాయ చూపించుకుని రా, అప్పుడెక్కుతాం."

"దాని మాటలు మీరు కూడా నమ్ముతున్నారా? పిచ్చిది!"

"పిచ్చిదో మంచిదో, నీ ఆటో కాలవలో పడితే మా పిల్లలకి ఎవరు సమాధానం చెప్తారు? రెప్ప వాలితే నవ్వాం అన్నా. ఇంక నవ్వం."

అందరూ నడక మొదలుపెట్టారు. నేనూ ఆటో దిగి వాళ్లతో నడిచాను. ఆయన వెనకాలే మెల్లగా తోలుకుంటూ, హారన్ కొడుతూ, తిడుతూ, బతిమాలుతూ వచ్చాడు. "అమ్మా, తెల్లారిపోతోంది. మా పిల్లకి కాళ్లు నొప్పెడతాయి, దాన్నైనా ఎక్కించండి." ఎవరూ తిరిగి చూడలేదు. గేటు దాకా ఖాళీ ఆటో మా వెనక డుగుడుగుమంటూ వచ్చింది. రెండోరోజూ అంతే. మూడోరోజు హారన్ కొట్టలేదు. నాలుగోరోజు చర్చి మలుపులో ఆయన, "ఇవాళ బందరు వెళ్తాను" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. "నువ్వు కూడా రావే" అన్నాడు నాతో.

స్కాన్ గదిలోకి పంపేముందు మొలతాడు, బెల్టు, ఉంగరం అన్నీ తీయించారు. ఆటో తాళం కూడా తీసి నా చేతికిచ్చాడు. ఆ మిషన్ లోపల డబడబా కొడుతుంటే బయట గోడకి కూడా తెలిసింది. రిపోర్టు వచ్చాక లోపలికి పిలిచారు. ఉంది. కందిగింజంత. ఉన్న చోటు మంచిది కాదన్నారు. పగలకముందే విజయవాడలో ఆపరేషన్ చేయించుకోవచ్చు, తారీకు ఇస్తామన్నారు. అప్పటిదాకా బీపీ బిళ్ల రోజూ వేసుకోవాలి, నొప్పి ఉన్నా లేకపోయినా. చుట్ట ముట్టకూడదు. జనాన్ని ఎక్కించుకుని బండి తోలకూడదు. సుత్తి దెబ్బలాంటి నొప్పి వస్తే, రెప్ప వాలితే, ఒకటి రెండుగా కనపడితే, మెడ బిగిస్తే ఎక్కడా ఆగకుండా పెద్దాస్పత్రికి రావాలి.

"ఎక్కడా ఆగకుండా" అన్నప్పుడు మా నాన్న తలెత్తి నా వైపు చూశాడు. నేను పక్కకి చూశాను. ఆయన్ని కొట్టడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు.

బయటికొచ్చి ఆటో దగ్గర నిలబడ్డాం. తాళం ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు.

"నీకు తోలడం వచ్చా?"

"వచ్చు."

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నువ్వు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు."

"దొంగముండ" అన్నాడు. వెళ్లి వెనక కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నేను ఆటో తీశాను. ఇంట్లో ఒక్కడే ఉంటే తోచదని ఆయన కూడా వచ్చి వెనక ఎక్కాడు. చర్చి మలుపులో ఆడవాళ్లు ఎక్కారు. చోటు చాలలేదు. ఆయన మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఓ మూలకి జరిగాడు. క్యారేజీలు పెట్టుకోవడానికి చోటు లేకపోతే, "ఇటివ్వండమ్మా" అని ఒక్కోటీ అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. గతుకుల్లో మెల్లగా పోనిస్తూ అద్దంలో చూశాను. గడ్డం దాకా పేర్చిన క్యారేజీల్ని రెండు చేతులతో చుట్టి పట్టుకుని, ఒక్కటి కూడా కదలనివ్వకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు మా నాన్న.